ఏటీ లేదమ్మా, సలే

అరకు, పాడేరు కొండల్లో మార్గశిరం రాగానే ఊరికొక కోడి వైద్యుడు బయటపడతాడు. తక్కిన కాలమంతా అతను చోడి చేను కాచుకునేవాడో, కాఫీ తోటలో పనికి పోయేవాడో, ఊరికే అరుగు మీద కూర్చునేవాడో. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున మంచు దిగి, లంబసింగి పేరు పేపర్లకెక్కే రోజుల్లోనే అతనికి గిరాకీ. పట్టా ఉండదు. ఎప్పుడో ఒక పెట్టను బతికించాడన్న పేరుంటుంది. అది తనంతట తానే బతికిందనేవాళ్లూ ఊళ్లో ఉంటారు.

పెట్ట ఈకలు ఉబ్బించుకుని మూలన కునుకుతుంటే కబురు వెళుతుంది. వచ్చి, చేత్తో ఎత్తి బరువు చూస్తాడు. ఇంటి అల్లుడూ పక్కనుంచి అదే చూస్తుంటాడు గానీ అతని లెక్క వేరు. మేత సంచి తడిమి, ముక్కు చూసి, “ఏటీ లేదమ్మా, సలే” అని తేల్చేస్తాడు. కాలు కుంటినా సలే. కుక్క పట్టి వదిలిన పుంజుక్కూడా సలే.

వైద్యంలో మాత్రం అతన్ని తీసిపారేయలేం. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే; మేత మానేస్తే ఆ వేడి నిలబడదు. ఈ అంకె అతనికి తెలియదు, చేతులకు తెలుసు. పెట్టను మంద నుంచి విడదీసి, పొడి గడ్డి పరిచి, పొయ్యికి దగ్గరగా, పొగ తగలనిచోట గంప కింద పెడతాడు. గంప మీద గోనె కప్పుతాడు, గాలికి సందు వదిలి. గోరువెచ్చని బెల్లం నీళ్లు ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా పడతాయి. గొంతులో పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతాయని అతనికి అనుభవం. తర్వాత పలచని చోడి అంబలి. చివర్న సొంత మందు: కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియం, చిటికెడు పసుపు. మిరియం ఏం చేస్తుందో గానీ, మింగిన కోడి కళ్లు పెద్దవి చేసి చూస్తుంది. గుణం కనిపించిందంటారు.

అతని విద్య ఆగేది కొక్కెర తెగులు దగ్గర. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఎగశ్వాస, మెలి తిరిగిన మెడ. అంతవరకూ వస్తే ఏ మందూ లేదు. 1920లలో కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించారు కాబట్టి మన దేశంలో దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. ఎవరైనా ఈ సంగతి చెబితే అతనికి పట్టరాని సంతోషం: “అదీ కొండే గదా, అక్కడా సలే!” రోగం రాకుండా కాపాడేది టీకా ఒక్కటే. పిల్లకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది. ఆ మందు ఐసుగడ్డల మీద పెట్టి తెస్తారు, వేడి తగిలితే చెడిపోతుంది. చలి రోగానికి ఐసులో మందా అని అతను సంత రోజున నలుగురినీ పోగేసి నవ్విస్తాడు.

కోడి బతికితే ఫీజు ఒక గుడ్డు. చస్తే, కూర వండొద్దని గోల చేసి, దూరంగా గొయ్యి తీసి తనే పాతిపెడతాడు. అప్పటికే మసాలా నూరిన ఇంట్లో ఆ రోజు అతనికి టీ కూడా పుట్టదు.

టీకా శిబిరం పెట్టిన రోజు పొద్దున్నే వరసలో అందరికంటే ముందు నిలబడేది అతనే, సొంత పెట్టలు రెండు చంకలో పెట్టుకుని.