డన్‌ను చదవకుండా గట్టెక్కడం ఎలా?

పదిహేడో శతాబ్దపు ఇంగ్లిషు కవిత్వం పేపరు రాయబోయే ఎం.ఏ. పిల్లలకు ముందుగా ఒక మాట: పద్యం చదవకండి. సికింద్రాబాద్ క్లాక్‌టవర్ దగ్గర మేడమీది గదిలో ఇరవై రెండేళ్లుగా ట్యూషన్ చెబుతున్న అనుభవంతో అంటున్నాను. చదివినవాడికి అనుమానాలొస్తాయి, అనుమానాలొచ్చినవాడికి మూడు గంటలు చాలవు.

జాన్ డన్ 1631లో పోయాడు, పద్యాలు పుస్తకంగా 1633లో వచ్చాయి. అచ్చులో చూసుకునే తొందర ఆయనకే లేనప్పుడు మనకెందుకు? అయినా 'ద ఫ్లీ' తప్పదు. ఫ్లీ అంటే కుక్కల ఒంటిమీద గెంతే పురుగు. మీరు నల్లి అనేయండి, హాస్టల్ పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఆ పురుగు ప్రేమికుణ్ణి కుట్టి అతని ప్రియురాలినీ కుట్టింది. ఇద్దరి రక్తమూ దాని పొట్టలో కలిసింది, ఇందులో లేని సిగ్గు మన కలయికలో ఎందుకని అతని వాదన. ఆమె చంపబోతే అడ్డుపడతాడు: ఇందులో ముగ్గురి ప్రాణాలున్నాయి, ఇదే మన పెళ్లిమంచం, ఇదే మన గుడి! ఆమె గోటితో నలిపేసి, చూడు, మనకేమీ కాలేదుగా అంటుంది. అతను తడుముకుంటాడా? అవును మరి, నాకు లొంగితే పోయే పరువూ అంతేనంటాడు. ఓడిన కేసులోంచి గెలుపు లాగిన ప్లీడరు. అల్పమైన వస్తువు మీద అంత పెద్ద వ్యవహారాన్ని నిలబెట్టే ఈ గడుసుతనాన్నే కన్సీట్ అంటారు. మీరు మాత్రం 'ఇందు కవి ప్రకృతి ప్రేమ వ్యక్తమైనది' అని రాయండి. పురుగు ప్రకృతే కదా.

వెనక బెంచీలో తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. "సార్, రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసింది మన బేగంపేటలోనే కదా?" అంది. నిజమే, 1897 ఆగస్టు 20న. రోగి రక్తం తాగిన దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు, ఆ సంతోషంలో పద్యమూ రాశాడు. పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉంది. "మనిషి రక్తం పురుగు పొట్టలో ఏమవుతుందని ఇద్దరూ ఆలోచించారు సార్, ఒకాయనకు ప్రేమ దొరికింది, ఇంకొకాయనకు జ్వరం దొరికింది." ఇలాంటి పోలికలు మొగ్గలోనే తుంచాలి. పొంతన లేని వాటిని బలవంతాన ఒక కాడికి కడుతున్నారనే శామ్యూల్ జాన్సన్ 1779లో డన్ కోవ కవుల మీద విసుక్కున్నాడు. 1921లో ఎలియట్ వాళ్లను వెనకేసుకొచ్చిన సంగతి మాత్రం ఎత్తకండి. రెండు అభిప్రాయాలు కనబడితే పేపరు దిద్దేవాడు గాభరాపడతాడు.

డన్‌దే వీడ్కోలు పద్యం ఇంకొకటి, అందులో ప్రేమికులు కంపాస్‌లా ఉంటారు. కంపాస్ అంటే దిక్సూచి. ప్రేమ ఎప్పుడూ ఉత్తరం చూపిస్తుందని ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను, ఒక్కరూ ఫెయిల్ కాలేదు. ఆ అమ్మాయి మర్నాడు జామెట్రీ బాక్స్ పట్టుకొచ్చింది. "ఇది వృత్తలేఖిని సార్. ఒక కాలు పాతుకుని ఉంటుంది, రెండోది తిరుగుతుంది. అది దూరం పోతే ఇది దానివైపు ఒరుగుతుంది, అది ఇంటికొస్తే ఇది నిటారుగా నిలుస్తుంది." బల్లమీద గీసి చూపించింది కూడా. నా నోట్సు మార్చలేదు. అప్పటికే నలభై కాపీలు జిరాక్స్ తీయించి ఉన్నాను.

జిరాక్స్ అంటే గుర్తొచ్చింది, జార్జ్ హెర్బర్ట్ రెక్కల పద్యాన్ని జిరాక్స్‌లోనే చూడండి, అదీ మసకగా ఉన్నదాంట్లో. 1633 నాటి పుస్తకంలో దాన్ని అడ్డంగా అచ్చువేశారు. పాదాలు చిక్కుతూ చిక్కుతూ నడుమ రెండేసి మాటలకు వచ్చి, మళ్లీ విచ్చుకుంటాయి. మనిషి పతనాన్ని చెబుతూ పాదం చిక్కుతుంది, దేవుడితో ఎగరాలనగానే పెరుగుతుంది. కాగితం పొదుపు అని రాయండి, చాలు. చక్రబంధం, నాగబంధం తెలిసిన తెలుగువాడికి ఆ ఆకారం ఇట్టే దొరికిపోతుంది. అందుకే బంధ కవిత్వం ఊసు మీ నోట రాకూడదు.

మార్వెల్ సంగతి తేలిక. అతని ప్రేమ పద్యం మూడు మెట్లు: కాలం ఉంటే, కానీ లేదు, కాబట్టి రా. ఆ మూడు మాటలూ కొట్టేస్తే తర్కం పోయి శుద్ధ ప్రేమ మిగులుతుంది.

ఇక మిల్టన్. 1667లో మొదట అచ్చయిన 'ప్యారడైజ్ లాస్ట్'కు ఇప్పటి కూర్పుల్లోని తొమ్మిదో భాగంలో, పండు తిన్నాక ఆదాము అవ్వలు ఒళ్లు కప్పుకోవడానికి ఆకులు వెతుక్కుంటారు. దొరికిన చెట్టు మలబారులోనూ దక్కనులోనూ పెరిగేది. అవును, మన దక్కనే. కొమ్మలు కిందికి వంగి వేళ్లూని, తల్లి చుట్టూ కూతుళ్లలా మళ్లీ చెట్లవుతాయంటాడు: మన మర్రే. అప్పటికి చాలా ఏళ్లుగా చూపులేని కవి, ఎన్నడూ చూడని చెట్టుకు వీరనారి డాలంత ఆకులు తొడిగాడు. ఈ పేజీ తిప్పేయమన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. వాళ్ల అమ్మమ్మ మర్రాకుల విస్తళ్లు కుట్టేదట. "అంత ఆకైతే ఒక్కటి చాలేది సార్. మరి వాళ్లూ కుట్టుకున్నారుగా!" తల్లి చెట్టు తప్పు కొమ్మకొమ్మకూ వేళ్లూనడం గురించి ఇంకేదో అనబోయింది. టైమైపోయిందన్నాను.

మొన్న రాత్రి కరెంటు పోయి దోమలు ఒకటే గోల. మా ఆవిడ చేతిమీద వాలినదాన్ని గోటితో నలిపాను. టార్చి వేస్తే గోరంతా ఎరుపు. అంతకు ముందే అది నన్నూ కుట్టింది. ఎవరి రక్తం ఎంతో చూద్దామని గోటిని కంటి దగ్గరకు తెచ్చుకున్నాను. "ఏంటండీ, అంతసేపు చూస్తున్నారు?" అంది ఆవిడ. వెంటనే టార్చి ఆర్పేశాను. మీరూ ఆర్పేయండి.