రాక్షసుడికి ఆదివారం సెలవు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా హాల్లో నేనొక రాజును. ఆ రాజును పడదోయాలని చూసే మంత్రినీ నేనే. మంత్రికి అప్పిచ్చిన సేటునూ, సత్రం నడిపే ముసలమ్మనూ, సత్రం కింద నేలమాళిగలో తిరిగే పదిహేడు ఎలుకలనూ నేనే. ఎదురుగా కూర్చున్న ఐదుగురు మాత్రం తలా ఒక్క మనిషే. ఆ ఒక్క మనిషి పేరు కూడా వారం వారం మర్చిపోయి నన్నే అడుగుతారు.

ఈ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 'స్ట్రేంజర్ థింగ్స్' చూసినవాళ్ళకు పరిచయమే, అందులో పిల్లలు ఇంటి కింద గదిలో కూర్చుని ఆడేది ఇదే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రాస్తే 1974లో వెయ్యి ప్రతులు అచ్చేశారు. గుర్రాలూ గళ్ళూ అక్కర్లేదు, గెలుపోటములూ లేవు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో పాత్రలు. ఏ సాహసం చేయబోయినా ఇరవై ముఖాల పాచిక వేయాలి. ఇరవై పడితే తలుపు తెరుచుకుంటుంది, ఒకటి పడితే తలుపు మీ మీద పడుతుంది. కథ నడిపేవాణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. మాస్టర్ అన్నారు కదా అని మురిసిపోయి ఒప్పుకున్నాను.

కోహెడలో ఈ ఆటేమిటని అడుగుతారేమో. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక మా వైపు రానిదంటూ ఏముంది? పైగా రామోజీ ఫిల్మ్ సిటీకి ఇంత దగ్గర్లో ఉన్నవాళ్ళకు ఉత్తుత్తి కోటలు కొత్తా?

మా జట్టులో ఇద్దరు ఆదిబట్ల వైపు ఐటీ ఉద్యోగులు, ఒకాయన ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్, ఒకడు మా బావమరిది, ఇంకొకాయన ప్లాట్లు అమ్మిపెడతాడు. నా ఆరోగ్యం దెబ్బతిన్నది ప్రధానంగా ఈ చివరాయన వల్ల.

ఒక డ్రాగన్ కథ రాశాను. నిద్ర మానుకుని రాశాను. దానికొక బాల్యం, పిల్లల్ని పోగొట్టుకున్న దుఃఖం, మనుషుల మీద పగ అన్నీ పెట్టాను. గుహ ముందుకు జట్టు చేరింది. గొంతు బొంగురు చేసుకుని, "ఎవరురా మీరు?" అని గర్జించాను. ప్లాట్లాయన పాచిక పక్కన పెట్టి, "అన్నా, ఈ గుహ ఎన్ని గజాలుంటది?" అన్నాడు.

తెలియక, "రెండు మూడు వేల గజాలుంటుంది" అన్నాను.

"రోడ్ ఫేసింగేనా? టైటిల్ క్లియరేనా? డ్రాగన్ కొనుక్కున్నదా, కబ్జా పెట్టిందా?"

అంతే. మిగిలిన సాయంత్రమంతా డ్రాగన్‌తో బేరం. సగం గుహ డెవలప్‌మెంటుకు ఇవ్వాలని, గుట్ట దిగువన వెంచర్ వేయాలని, కథలో ఉన్న దేవకన్యకు కార్నర్ బిట్ ఇవ్వాలని తేల్చారు. దుఃఖం, పగ రాసుకున్న నోట్‌బుక్ ఒళ్ళో మూసుకుని, డ్రాగన్ తరఫున అడ్వాన్స్ ఎంతో నేనే చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి ఆదివారాలు కొన్ని గడిచాక లక్షణాలు బయటపడ్డాయి. గురువారం రాత్రి "అన్నా, సండే ఉన్నట్టేనా?" అని మెసేజ్ వస్తే కడుపులో తిప్పేది. ఆ తేదీ కుదర్చడమూ నా పనే. ఒకరింట్లో పెళ్ళి, ఒకరింట్లో బోనాలు, ఒకరికి ఆఫీసులో రిలీజ్. ఐదుగురికీ వీలైన రోజు పంచాంగంలో దొరకదు. దొరికితే కథ నేనే, రూల్స్ నేనే, మిర్చీ బజ్జీలూ చాయ్ మా ఇంటివే. మా ఆవిడ ఒకటే అడిగింది: "ఆఫీసుల గింత పని చేసిన్రా ఎన్నడన్న? పైసలిస్తున్నరా వీళ్ళు?"

ఆమె మాటలో విషయముంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో అలసి చతికిలబడటాన్ని, తన వ్యాధుల వర్గీకరణలో వివరిస్తూ, ఇది ఉద్యోగానికి సంబంధించినదే, జీవితంలో మిగతా వాటికి వాడకూడదని రాసిపెట్టింది. జీతం లేని అలసటకు జెనీవా దాకా వెళ్ళినా గుర్తింపు లేదన్నమాట.

అలసిన గేమ్ మాస్టర్‌ను గుర్తుపట్టడం తేలిక. అతని కథలో ఉన్నట్టుండి ప్రకృతి వైపరీత్యాలు ఎక్కువవుతాయి. మావాళ్ళు ఒకసారి సంతలో తాడు కొనడానికి గంటన్నర బేరమాడారు. తట్టుకోలేక గాలివాన రప్పించి సంత మొత్తం కూల్చేశాను. దానికి ప్రేరణ మా ఊరే. 2020లో కరోనా కాలంలో గడ్డిఅన్నారం మామిడి మార్కెట్‌ను కోహెడకు తెచ్చారు. ఆ మే నెలలోనే గాలివానకు షెడ్లు కుప్పకూలాయి. జనానికి దెబ్బలు తగిలాయి, అందులో నవ్వడానికేమీ లేదు. తర్వాత మార్కెట్టు బాటసింగారం వెళ్ళింది. నా సంత మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. శిథిలాల కింద తాడు వెతుకుతూ మావాళ్ళు ఇంకో గంట గడిపారు.

"రెస్ట్ తీసుకో అన్నా" అన్నారు అందరూ ఎంతో ప్రేమగా. తీసుకున్నాను. తిరిగొచ్చేసరికి ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో ఒక్కరికీ గుర్తు లేదు. పాత కథ మొత్తం చెప్పే పని అదనంగా నా మీద పడింది. బరువు తగ్గించకుండా ఇచ్చే సెలవు వాయిదా మాత్రమేనని నా అభిప్రాయం.

ఈ ఆట పుట్టిన చోట కూడా ఒక్కడే మోయలేదు. 1969లో అమెరికాలో మినియాపోలిస్ ప్రాంతంలో డేవిడ్ వెస్లీ అనే అతను బ్రౌన్‌స్టైన్ అనే ఆట మొదలుపెట్టాడు, దీనికి తాతలాంటిది. అతనికి సైన్యం నుంచి పిలుపు వచ్చింది. ఆట ఆగలేదు, ఆడుతున్నవాళ్ళే నడపడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకడు ఆర్నెసన్. గైగాక్స్ సంగతీ అంతే. ఆడేవాళ్ళు ఎక్కువై ఇంట్లో పట్టకపోతే, రాబ్ కుంట్జ్ అనే కుర్రాణ్ణి పక్కన రెండో మాస్టర్‌గా కూర్చోబెట్టుకున్నాడు. అప్పుడప్పుడు తానూ పాత్ర పట్టుకుని ఆడాడు.

మనవాళ్ళకైతే ఇది ఎప్పటినుంచో తెలుసు. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా వంతలుంటారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం సంగతులు ఎత్తుకుంటారు, ఆలోగా కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు. ఒగ్గు కథలో వెనక డోలు కొట్టేవాళ్ళు మధ్యలో పాత్రలైపోతారు. మహాభారతం మాటేమిటి? నారాయణభట్టు సాయం ఉందని నన్నయే చెప్పుకున్నాడు, అయినా అరణ్యపర్వం మధ్యలో ఆగింది. రెండొందల ఏళ్ళ తర్వాత తిక్కన వచ్చి, ఆ సగం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు లాగించేశాడు. మిగిలిన ముక్క ఎర్రన పూర్తిచేసి, అదీ నన్నయ రాసినట్టుగానే రాజరాజనరేంద్రుడి పేర పెట్టాడు. అంత మర్యాదస్తుడు మా వాట్సాప్ గ్రూపులో ఒక్కడుంటే చాలనుకున్నాను.

ఉన్నాడు, అడగాల్సి వచ్చిందంతే. రూల్స్ పుస్తకం లెక్చరర్ గారికి అప్పగించాను. ఇప్పుడు అనుమానాలు తీర్చేది, తిట్లు తినేది ఆయనే. నిధుల లెక్క ప్లాట్లాయనకిచ్చాను. వెండి నాణెం తేడా రానివ్వడు. కిందటిసారి ఏం జరిగిందో మొదట్లో చెప్పే పని మా బావమరిదిది. వాడు చెప్పేది సగం తప్పు, కానీ నా కథ కంటే బాగుంటోంది, అదే వాడేసుకుంటున్నాను. తేదీ, బజ్జీలు ఐటీవాళ్ళవి. ఏడాదంతా సాగే కథ మానేసి నాలుగైదు ఆదివారాల్లో ముగిసేవి పెట్టుకున్నాం. ఒకటి అయ్యాక మాస్టర్ మారాలి.

మొదటి వంతు లెక్చరర్ గారిది. నువ్వేం పాత్ర తీసుకుంటావని అడిగారు. మూగవాణ్ణి తీసుకున్నాను. ఆ సాయంత్రమంతా నోరు విప్పకుండా బజ్జీలు తింటూ కూర్చున్నాను. ఇంతకాలం వీళ్ళు ఎందుకంత ఉత్సాహంగా వచ్చేవాళ్ళో అప్పుడర్థమైంది.

మీ జట్టులో ఎవరైనా ఒకే మనిషి వారం వారం రాజూ రాక్షసుడూ ఎలుకలూ అయిపోతుంటే, "రెస్ట్ తీసుకో" అని ఊరికే అనకండి. ఆయన చేతిలో నోట్‌బుక్ తీసుకుని, వచ్చే ఆదివారం తెర వెనక మీరు కూర్చోండి. వెళ్ళేటప్పుడు బజ్జీలు మీరే కొనుక్కెళ్ళండి.