అచ్చం సావిత్రే!

పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడో, పోయినవాళ్ళకి పటం కట్టించేటప్పుడో తప్ప బీరువా అడుగునున్న ఆల్బమ్ బయటికి రాదు. వచ్చిందంటే దాని వెనకే మా బాబాయి వస్తాడు. అవతలి గదిలో గుర్రుపెట్టి నిద్రపోతున్నా సరే, అట్టల మధ్య బటర్‌పేపరు చప్పుడైతే చాలు, కళ్ళజోడు తుడుచుకుంటూ హాజరు. ఇలాంటి బాబాయి ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. కొన్నిచోట్ల మామయ్య, కొన్నిచోట్ల పెద్దత్తయ్య. వరస మారుతుంది గానీ మాట మారదు: "అచ్చం సావిత్రే!"

పోలికలు పంచడానికి బాబాయికి ఒక పద్ధతుంది. బుగ్గలున్న ఆడవాళ్ళంతా సావిత్రి. సన్నగా ఉండి కాస్త పొగరుగా చూస్తుంటే జమున. కొప్పు తలకంటే పెద్దదైతే వాణిశ్రీ. మగవాళ్ళలో ఒడ్డూపొడుగూ ఉన్నవాడు ఎన్టీఆర్, బక్కపల్చటివాడు నాగేశ్వర్రావు, ఎటూ చెందనివాడు కాంతారావు. నుదుటి మీద నాలుగు వెంట్రుకలు పొరపాటున మెలిక తిరిగినా శోభన్‌బాబే. ఇన్ని తరాల ఫోటోలు తిరగేశాం గదా, మా వంశంలో రాజనాల పోలిక ఒక్కడికీ రాలేదు. మా చిన్నతాత రమణారెడ్డిలా ఉంటాడని ఊరంతా ఒప్పుకుంటుంది, బాబాయి ఒప్పుకోడు. సూర్యకాంతం పోలికలు మాత్రం పిన్ని పుట్టింటి వైపే వచ్చాయట.

ఇంట్లోవాళ్ళని సినిమావాళ్ళని చేసినవాడు సినిమావాళ్ళని ఊరికే వదులుతాడా? వాళ్ళతో చుట్టరికం కలుపుతాడు. 'ప్రాణం ఖరీదు' నాటి చిరంజీవి ఫోటో చూసి, "పాపం, మద్రాసులో హోటలు తిండి. ఎలా చిక్కిపోయాడో చూడండి!" అని నొచ్చుకున్నాడు. 1949లో 'మన దేశం'లో ఎన్టీఆర్ వేసిన పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం చూసినప్పుడు మరీ దిగులుపడ్డాడు. "సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగం, బంగారం లాంటిది, వదిలేసి వచ్చాడు. ఇంట్లోవాళ్ళు ఎంత ఏడ్చారో!" ఆ తర్వాత ఆ కుర్రాడి గతి ఏమైందో ఇంకా కబురు అందనట్టే ఉంది ఆయన ముఖం.

ఇప్పుడు ఫోన్లో రోజుకో చిన్నపిల్లవాడి ఫోటో వస్తోంది, ఈ బుడ్డోడు నేటి స్టార్ హీరో, ఎవరో కనిపెట్టండి అంటూ. బాబాయి "ఆ ముక్కు చూస్తే తెలియట్లా? మహేష్‌బాబు" అంటాడు. జవాబు వేరే పేరని తేలితే "వీళ్ళు ఫోటో తప్పు పెట్టారు" అని తేల్చేస్తాడు.

మా తాతగారి ఫోటో ఒకటుంది. తలపాగా, కండువా, మోకాళ్ళ మీద రెండు చేతులూ, కెమెరావాడు ఏదో బాకీ ఉన్నట్టు చూపు. అరవై ఏళ్ళుంటాయనుకున్నాం. వెనక తారీఖు చూసి లెక్కేస్తే ముప్ఫయ్యారు. మా తమ్ముడు కిసుక్కున నవ్వాడు. బాబాయికి కోపమొచ్చింది. "అది ముసలితనం కాదురా, బాధ్యత! 'మాయాబజార్' 1957. అందులో హిడింబి సూర్యకాంతానికి అప్పుడెన్నేళ్ళు? ముప్ఫై రెండు. కొడుకు ఘటోత్కచుడు రంగారావుకి ముప్ఫై ఎనిమిది! తల్లికంటే కొడుకు ఆరేళ్ళు పెద్ద. ఎవడైనా అనుమానించాడా?" ఈ లెక్క నిజమే. బాబాయి నోట లెక్క నిజమవడం ఎంత అరుదంటే, మా తమ్ముడు వెంటనే ఫోన్లో వెతికి మరీ చూశాడు.

అన్ని ఫోటోల్లోనూ అందరినీ పోల్చుకునే బాబాయి ఒక్క ఫోటో దగ్గర మాత్రం పేజీ గబగబా తిప్పేస్తాడు. అందులో తాతగారు స్టూడియో తెర ముందు నిలబడి ఉంటారు. తెర మీద తాజ్‌మహలు, పక్కన బల్ల మీద కాగితం పూలు. కుడివైపు అంచు కత్తెరతో వంకరగా కోసి ఉంది. కోసినవాళ్ళు తొందరలో ఒకటి మరిచారు. తాతగారి భుజం మీద ఓ చెయ్యి మిగిలిపోయింది. వేలికి ఉంగరం, మణికట్టుకి గడియారం, అక్కడితో సరి, మనిషి లేడు. గట్టు తగాదా వచ్చిన ఏడాది పెదతాతగారు ఆల్బమ్‌లోంచి వెళ్ళిపోయారని, చెయ్యి మాత్రం ఇక్కడే కాపురముండిపోయిందని పిల్లలతో సహా అందరికీ తెలుసు.

"ఈ చెయ్యి ఎవరిది బాబాయ్?" అన్నాను.

"స్టూడియోవాడిది. అప్పట్లో మనిషి కదలకుండా వెనకనించి పట్టుకునేవాళ్ళు."

పందొమ్మిదో శతాబ్దంలో తల కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టేవాళ్ళు, అది నిజమే. ఉంగరం తొడుక్కున్న ఊత గురించి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు.

ఇక బాబాయి సొంత ఫోటో. బెల్‌బాటం పాంటు, చెవుల కిందిదాకా సైడ్‌లాకులు, నుదుటి మీద ఆ శోభన్‌బాబు రింగు. పెళ్ళిచూపులకి ముందు పంపిన ఫోటో అది. "ఈ ఫోటో చూసే మీ పిన్ని ఒప్పేసుకుంది" అంటాడు ఏటా. వంటింట్లోంచి పిన్ని గరిటెతో సహా వస్తుంది. "ఒప్పుకున్నది ఆ ఫోటోలో ఆయన్నే. వచ్చింది మీరు. పెళ్ళిపీటల మీద తెర దించాక చూస్తే నుదురు నడినెత్తిదాకా వెళ్ళింది. ఆ రింగు స్టూడియోవాడు పెన్సిల్‌తో గీశాట్ట!" స్టూడియోవాళ్ళు నెగెటివ్ మీద పెన్సిల్ పనితనం చూపించడం ఆ రోజుల్లో మామూలే. బాబాయి మాత్రం "జుట్టు నిజంది, తలే మారింది" అంటాడు.

మొన్న సంక్రాంతికి బాబాయి కొత్త విద్య నేర్చుకొచ్చాడు. నలుపు తెలుపు ఫోటోలకి ఫోన్లో రంగులద్దడం. "మాయాబజారుకే 2010లో రంగులద్దారు, మా అమ్మానాన్నల పెళ్ళికి అద్దలేమా?" అని నాయనమ్మ పెళ్ళిఫోటోని నిమిషంలో పచ్చగా, ఎర్రగా చేసి ఆవిడ చేతిలో పెట్టాడు. "చూడవే అమ్మా, అచ్చం సావిత్రివే!"

నాయనమ్మ ఫోను దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"నేను కట్టుకున్నది మధుపర్కాలురా. ఈ చిలకపచ్చ చీర ఎవరిది?"

"రంగు కాస్త అటూ ఇటూ అవుతుందిలేవే. నాన్నని చూడు, ఎన్టీఆర్‌లా లేడూ?"

ఆ యంత్రం తాతగారి పెదాలకి రక్తమల్లే ఎర్రటి రంగు పూసింది. నాయనమ్మ ముఖం చిట్లించింది. "మీ నాన్న జన్మలో తాంబూలం ముట్టలేదు. చీర సంగతి తర్వాత, ముందు వీడెవడో చెప్పు. వీడి పక్కన నన్నెందుకు కూర్చోబెట్టావురా?"