కారు వీధిలో, సామాను షెడ్డులో

ఆదివారం పూట గండికోటకు పోయి చూడండి. బెంగళూరు నెంబరు కార్లు, హైదరాబాదు నెంబరు కార్లు బారులు తీరి ఉంటాయి. దిగినవాళ్లు దిగినట్టే లోయ అంచుకు పరుగు. కింద పెన్న, అటూ ఇటూ ఎర్రటి రాతి గోడలు. చేతులు బార్లా చాపి, "ఎంత స్పేస్ ఉందిరా నాయనా!" అంటూ ఫొటోలు. వీళ్లలో చాలామంది రాత్రికి ఇల్లు చేరి, కారును వీధిలో, ఒక చక్రం మురుక్కాలువ బండ మీదికి ఎక్కించి ఆపుతారు. కారు షెడ్డు లేక కాదు. షెడ్డు ఉంది, దానికి తలుపుంది, తలుపుకు తాళముంది. లోపల కారుకు తప్ప అన్నిటికీ చోటుంది.

మన షెడ్డు మూలలు మనకు చేతకాలేదు గానీ, మూలను ఎట్లా వాడుకోవాలో గండికోటలో కోట కట్టినవాళ్లకు తెలుసు. 1123లో కాకరాజు ఇక్కడ మొదటి కోట కట్టాడని చెబుతారు. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో అది పెద్ద దుర్గమైంది. నది కొండను కోసుకుంటూ పోయే చోట, సేద్యానికి పనికిరాని, బండి ఎక్కలేని మూల అది. లోయ ఉన్న దిక్కున శత్రువుకు దారి లేదు, కొండే సగం కాపలా కాసింది. లోపల గుడులు, మసీదు, కోనేరు, జైలు, దేని చోటు దానిదే. కమాను కప్పు వేసి అంత పెద్ద ధాన్యాగారం కట్టి, అందులో ధాన్యమే పోశారు. కాలిపోయిన మిక్సీలు పెట్టలేదు. పావురాలకు కూడా విడిగా ఒక గోపురం కట్టించారు. మన షెడ్లలో పావురాలు అనుమతి అడక్కుండానే కాపురం పెడతాయి, అది వేరే సంగతి.

ఈ కాలపు ప్రభుత్వాలకూ ఆ మూల పనికొచ్చింది. గాలేరు-నగరి పథకం కింద అక్కడే పెన్నకు అడ్డం కట్టి, దాదాపు 27 టీఎంసీలు పట్టే జలాశయం చేశారు. అది నిండాలంటే తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ కావాల్సి వచ్చింది. ఒకరి మూల నిండడానికి ఇంకొకరు ఇల్లు దులిపి ఇవ్వడం మన దగ్గర పాత అలవాటే. ఈ వారం కాలమ్ కారు షెడ్ల గురించి కాబట్టి ఆ కథను ఇక్కడ ఆపుతున్నాను.

గండికోట నుంచి కొండ దిగితే జమ్మలమడుగు. అక్కడ మా బావకు ఒక ఇల్లుంది, ఇంటికి ఒక షెడ్డుంది. షెడ్డు తలుపు తీయగానే మొదట మనకు నమస్కారం పెట్టేది ఒక నాయకుడు. రెండు ఎన్నికల కిందటి ఫ్లెక్సీ అది. నాయకుడు పార్టీ మారాడు గానీ ఫ్లెక్సీ మారలేదు. శెనక్కాయల మూటల మీద కప్పి ఉంది. మూటల వెనక చీనీ తోట నుంచి పీక్కొచ్చిన డ్రిప్పు పైపుల చుట్టలు. చుట్టల నడుమ టీవీ వచ్చిన అట్టపెట్టె, అందులో థర్మాకోలు, థర్మాకోలులో ఎలుకలు. అడుగున పిడచగట్టిన రంగు డబ్బాలు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్సు, ఆ డిజైను మళ్లీ దొరకదని. మందు కొట్టే ట్యాంకు, దాని గొట్టం ఇంకెక్కడో. ఇసుర్రాయి కింది బండ ఒక్కటే, పైది ఎవరో అడుక్కుపోయారు.

"బావా, ఇది దేనికి?" అని ఏ వస్తువును చూపించి అడిగినా ఒకటే జవాబు.

"ఉండనీలేబ్బా, పనికొస్తాది."

ఎప్పుడని అడగకూడదు. అడిగితే మా అక్క నవ్వుతుంది, బావకు కోపమొస్తుంది.

పోనీ పాత సామాన్లాయన్ను పిలుద్దామంటే అక్కడొక పెద్ద చిక్కుంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాక ఫిరంగులు పోయించడానికి గుళ్లలోని రాగి విగ్రహాలు పోగు చేయించాడట. మైలీ అనే ఫ్రెంచి పనివాడు అన్నిటినీ కరిగించాడు గానీ గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదని, 1652లో ఇక్కడికొచ్చిన టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి రాసిపెట్టాడు. కరగని సరుకు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మా బావ షెడ్డులో అది మా అత్త పుట్టింటి గంగాళం. పాత సామాన్లాయన తక్కెడ తీసేలోపే ఆమె గడపలోకి వచ్చి కూర్చుంటుంది. మీర్ జుమ్లా వచ్చినా ఆమెను దాటి పోలేడు.

ఇక వాస్తు. లోకంలో మిగతా జనాలకు మూల అంటే రెండు గోడలు కలిసే చోటు. మనకట్లా కాదు, ప్రతి మూలకూ ఒక యజమాని ఉన్నాడు. ఈశాన్యం ఈశ్వరుడిది, ఆగ్నేయం అగ్నిది, నైరుతి నిరృతిది, వాయవ్యం వాయువుది. కదిలేవి వాయవ్యంలో ఉండాలి కాబట్టి కారు షెడ్డు ఇంటికి వాయవ్యంలో వేయమని సిద్ధాంతిగారు సెలవిచ్చారు. అంతటితో పోతే బాగుండేది. "షెడ్డుకు మళ్లీ నాలుగు మూలలుంటాయి కదా సామీ, వాటి సంగతేంది?" అని మా అత్త అడిగింది. సిద్ధాంతిగారు కాఫీ తాగుతూ వాటినీ తేల్చారు. నైరుతిలో బరువు ఉండాలి. వెంటనే ఇసుర్రాయి, రోలు, టైల్సు అక్కడికి చేరాయి. ఆగ్నేయంలో ఇన్వర్టరు, బ్యాటరీ. వాయవ్యంలో పిల్లల సైకిళ్లు, టైర్లలో గాలి లేకపోయినా సరే. ఈశాన్యం మాత్రం ఖాళీగా ఉండాలి. హమ్మయ్య, ఆ ఖాళీలోకైనా కారు ముక్కు దూర్చుదామని మా బావ తాళంచెవి తీశాడు. "టన్ను బరువు తెచ్చి ఈశాన్యంలో పెడతారా అయ్యా?" అన్నారు సిద్ధాంతిగారు. కారు వీధిలోనే ఆగిపోయింది.

నిజానికి ఆ షెడ్డు ఉన్న చోట ఒకప్పుడు ఎద్దుల కొట్టం ఉండేది. దానికీ మూలలుండేవి. మడక, గుంటక, కాడిమాను ఒక గోడకు ఆనించి ఉండేవి. పగ్గాలు, చిక్కాలు కొయ్యలకు వేలాడేవి. గోడ మందంలోనే ఒక గూడు, గూట్లో దీపపు బుడ్డి, బండి ఇరుసుకు పూసే కందెన చిప్ప. నేల మీద అడ్డంగా ఒక్క వస్తువు ఉండేది కాదు. ఆ కాలం వాళ్లు మనకంటే శుభ్రమైన మనుషులని నేననను. కారణం ఎద్దు. ఎద్దు పడుకునే చోట ఒక పార పెట్టి చూడండి. కొమ్ము విసురుతుంది, తొక్కుతుంది, దాని మీద పేడ వేసి మరీ తన అభిప్రాయం చెబుతుంది. కారుకు కొమ్ముల్లేవు. ఎండలో నిలబెట్టినా, కాకి రెట్ట వేసినా, వీధికుక్క బానెట్టెక్కి పడుకున్నా నోరెత్తదు. అందుకే ఎద్దు చోటు ఎద్దుకు మిగిలింది, కారు చోటు అట్టపెట్టెలకు పోయింది.

ఇది మన సీమ జబ్బే అనుకుని సిగ్గుపడనక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లలోకి పోయి సామాను లెక్కపెట్టిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఒక పుస్తకం వేశారు. నాలుగు గ్యారేజీల్లో మూడింట్లో కారు పట్టే చోటే లేదని తేల్చారు. మనవాళ్లు అమెరికా పోయి ఆ సంప్రదాయాన్ని ఇంకాస్త ముందుకు తీసుకుపోయారు. డాలస్‌లో తెలుగువాళ్ల గ్యారేజీకి పోతే ఒక మూల సోనా మసూరి బస్తాలు, ఇంకో మూల ఆవకాయ జాడీలు, మూడో మూల చేపల పులుసుకు వేరే పొయ్యి. ఇల్లు వాసన రాకూడదు, అమ్మేటప్పుడు రేటు పడిపోతుంది. అదే దేశంలో పాలో ఆల్టోలోని ఒక చిన్న షెడ్డులో హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1939లో కంపెనీ పెట్టారు. మా బావ షెడ్డులోంచి ఇప్పటిదాకా బయటికొచ్చినవి ఎలుకలే.

జపాను వాళ్లు మాత్రం కాస్త మొరటు మనుషులు. 1962లో చట్టం చేసి, కారు పెట్టుకునే చోటు చూపించనిదే కారు రిజిస్టరు కాదన్నారు. పోలీసులు చోటు సంగతి చూసి పత్రం ఇస్తే అప్పుడు నెంబరు. ఇక్కడ అట్లాంటి చట్టం వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పోలీసు వచ్చే రోజు పక్కింటి షెడ్డు అద్దెకు తీసుకుంటాం. ఒకే ఖాళీ షెడ్డు చూపించి వీధిలోని కార్లన్నీ రిజిస్టరు చేయించుకుంటాం. పట్టుబడితే క్రమబద్ధీకరణకు అర్జీ పెట్టుకుంటాం.

తప్పంతా మనుషులదే అనడమూ అన్యాయం. ప్లాను కాగితాల మీద కారు చోటు రెండున్నర మీటర్ల వెడల్పు అని గీసేవాళ్లు మారుతి 800ను మనసులో పెట్టుకున్నట్టున్నారు. 1983లో వచ్చిన ఆ బుజ్జి బండి వెడల్పు మీటరున్నర లోపే. దిగడానికి, దులపడానికి, పక్కన నిలబడి గొప్పలు చెప్పుకోవడానికి కూడా జాగా మిగిలేది. ఇప్పుడు అదే షెడ్డులోకి స్కార్పియో-ఎన్ తెస్తే దాని వెడల్పే 1.917 మీటర్లు. రెండు పక్కలా కలిపి రెండడుగులు కూడా మిగలదు. డ్రైవరు కిటికీలోంచి దూకాల్సిందే. సీమ అంటే సుమోలు గాల్లోకి లేస్తాయనుకునే సినిమావాళ్లు ఈ దూకుడును ఇంకా తీయలేదు.

చివరికి మా అక్క సిద్ధాంతిని వదిలి మేస్త్రీని పిలిచింది. ఈ ప్రాంతంలో మూలకు మందు మన కాళ్ల కిందే ఉంది. కడప బండ. యర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల నుంచి లారీలకెత్తి దేశమంతా పంపుతున్నాం. ముంబయిలో వంటింటి అరుగుకు వేసే రాయిని కడప్పా అనే అడుగుతారు. గండికోట లోయ గోడలది వేరే రాయి, క్వార్ట్‌జైటు. అది కోట గోడకు బాగుంటుంది, అలమరాకు లొంగదు. పొరలు పొరలుగా లేచే ఈ కడప సున్నపురాయే పలకగా వస్తుంది. విలియం కింగ్ అనే దొర 1872లోనే కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం రాశాడు. మూల సర్దడానికి మనం ఆ రాయిని ఇంకా సరిగా వాడుకోలేదు.

మేస్త్రీ రాగానే మూలమట్టం పెట్టి చూసి నవ్వాడు. "మీ మూల మూల కాదుమ్మా, కొంచెం తెరుచుకునుండాది." మన ఇళ్లలో రెండు గోడలు సరిగ్గా కలవడం అరుదు. అందుకే అతను ముందు అట్టముక్కను మూలకు ఆనించి కత్తిరించాడు, ఆ అచ్చు ప్రకారం బండను ముక్కోణంగా కోయించాడు. అంగుళం మందం, రెండు వైపులా అడుగున్నర. వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు. రెండు గోడల్లోనూ గాడి కొట్టి, బండ అంచులు అందులోకి దూర్చి, సిమెంటు పెట్టి, కింద పోటీ కర్ర నిలబెట్టాడు. రెండు పక్కలా గోడే పట్టుకుంటుంది కాబట్టి కాళ్లూ అక్కర్లేదు, ఇనుప కమ్మీలూ అక్కర్లేదు.

కానీ అతని అసలు తెలివి బండలో లేదు. "ముందు కారు లోపల పెట్టండి సామీ" అన్నాడు. షెడ్డంతా వీధిలోకి చేరవేయాల్సి వచ్చింది. వీధివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారేమోనని పలకరించి పోయారు. కారు లోపలికొచ్చాక నాలుగు తలుపులూ తెరిపించి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. గీత లోపల ఒక్క వస్తువు ఉండకూడదు. కారు ముక్కు దగ్గరి రెండు మూలల్లో తలుపు తెరుచుకునే పని లేదు కాబట్టి అక్కడే బండలు. మొదటి బండ నేలకు నాలుగడుగుల పైన, బానెట్టు దాని కిందికి దూరేటట్టు. ఆపైన ఇంకో రెండు. రంగు డబ్బాలు, స్పానర్లు, పంపు, అన్నీ ఎక్కాయి. డ్రిప్పు చుట్టలు కొయ్యలకు వేలాడాయి. షెడ్డులో కారు, కారు చుట్టూ మనిషి నడిచే దారి. మా అక్క ఫొటో తీసి బంధువుల గ్రూపులన్నిటిలో పెట్టింది.

తర్వాత పెద్దల పండుగకు పోతే కారు మళ్లీ వీధిలో ఉంది. బండల మీది సామాను బండల మీదే ఉంది, మేస్త్రీ పనికి వంక లేదు. బండ కింద, బానెట్టు దూరాల్సిన చోట, కొత్త ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె నిలబడి ఉంది. దాని మీద నాయకుడు మళ్లీ చేతులు జోడించాడు. నేను నోరు తెరవబోయేలోపే మా బావ అందుకున్నాడు. "అంత చోటు ఊరికే పడుండాదిలేబ్బా!"

కాబట్టి మూల బండ వేయించుకోదలచినవాళ్లకు నేను చెప్పేది ఇంతే. బండ సంగతి మేస్త్రీ చూసుకుంటాడు, మీరు సుద్దగీత సంగతి చూసుకోండి. అది చెరిగిపోయే లోపు దాని మీద పెయింటు వేయించండి. యర్రగుంట్ల దిక్కు పాలిషింగు యూనిట్ల దగ్గర ముక్కబండలు చవగ్గా దొరుకుతాయి, గట్టిగా బేరం చేయండి. చవగ్గా వచ్చింది కదా, ఎప్పటికైనా పనికొస్తుందని ఇంకో నాలుగు బండలు తెచ్చి షెడ్డు గోడకు మాత్రం ఆనించకండి.