బ్యాలెట్ పెట్టె ఆత్మకథ: ఒక మహిళా నేత అధ్యాయం

ఉక్కు రేకుతో చేసి, పైమూతలో కాగితం పట్టేంత సందు మాత్రమే ఉంచిన బ్యాలెట్ పెట్టె చెప్పుకుంటున్న ఆత్మకథ ఇది. అయితే ఏ ఒక్క పెట్టె బతుకూ ఒక పోలింగ్ కేంద్రాన్ని దాటి చూడలేదు గనుక, 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల నాటి నుంచి ఆ వంశమంతా చేసిన కొలువుగా దీన్ని చదువుకోవాలి. పెట్టెకు నోరున్నది మింగడానికే తప్ప మాట్లాడడానికి కాదు. అందువల్ల ఓటు ఎవరికి పడిందో అది చెప్పగలదు గాని, ఆ ఓటు వెనుక భర్త మాట ఉందో, తండా పెద్దల మాట ఉందో, ఓటరు సొంత మనసే ఉందో చెప్పలేదు.

ఈ వంశచరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగిన అధ్యాయం సత్యవతి రాథోడ్ రాజకీయ ప్రస్థానం. నాటి వరంగల్ జిల్లాలోని డోర్నకల్ నియోజకవర్గం నుంచి 1989లో తెలుగుదేశం అభ్యర్థిగా శాసనసభకు పోటీ చేసిన ఈ లంబాడా మహిళ ప్రత్యర్థి రెడ్యానాయక్ చేతిలో ఓడిపోయారు. శాసనసభ టికెట్ దాకా వెళ్లి ఓడినవారు సాధారణంగా మళ్లీ ఆ టికెట్ కోసమే కాచుకుని కూర్చుంటారు. ఆమె మాత్రం 1995లో గుండ్రాతిమడుగు గ్రామ సర్పంచ్‌గా ఎన్నికయ్యారు. ఇది మెట్టు దిగడంలా కనిపించినా నిజానికి నేల మీద కాలు మోపడమేనని పెట్టె అభిప్రాయం, ఎందుకంటే ఆ ఆరేళ్లలోనే ఆ నేల మారిపోయింది. స్థానిక సంస్థలకు, అంటే గ్రామ, మండల, జిల్లా స్థాయిలో ప్రజలు ఎన్నుకునే పాలక మండళ్లకు రాజ్యాంగ హోదా ఇచ్చి, వాటిలో మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలను మహిళలకు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దానికి అనుగుణంగా 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద జరిగిన తొలి ఎన్నికలే 1995 నాటివి.

పంచాయతీ ఎన్నిక నాడు పెట్టెకు దక్కే మర్యాద వేరు. పోలింగ్ మొదలయ్యే ముందు ప్రిసైడింగ్ అధికారి, అంటే ఆ కేంద్రం బాధ్యత మొత్తం మోసే ఉద్యోగి, మూత తెరిచి, లోపల ఏమీ లేదని అభ్యర్థుల ఏజెంట్లకు చూపించి, వాళ్ల సంతకాలు తీసుకున్న కాగితపు సీలు అమర్చి మూసేస్తాడు. ఆ తరువాత స్వస్తిక్ ముద్ర సిరా ఇంకా ఆరని కాగితాలు మడతలు పడి లోపలికి జారుతుంటాయి. మడత సరిగ్గా పెట్టకపోతే సిరా పక్క గుర్తుకు అంటుకుని, లెక్కింపు వేళ పెద్ద తగువే అవుతుంది. ఊళ్లోనే, ఆ సాయంత్రమే పెట్టెను బోర్లించి, వార్డు సభ్యుల కాగితాలను, సర్పంచ్ కాగితాలను రంగుల వారీగా వేరుచేసి, కట్టలు కట్టి లెక్కిస్తారు. గెలుపు పత్రం అందుకున్న మహిళ మరునాటి నుంచి తానే సంతకం చేస్తుందా, లేక సంతకం మాత్రమే చేస్తుందా అన్న ప్రశ్న రాష్ట్రమంతటా వినిపించేదే. దానికి జవాబు ఏ పెట్టెలోనూ దొరకదు.

సత్యవతి రాథోడ్ విషయంలో జవాబు తరువాతి ఎన్నికలే ఇచ్చాయి. 2006లో ఆమె నర్సింహులపేట జడ్పీటీసీగా, అంటే మండలానికి ఒకరు చొప్పున జిల్లా పరిషత్తుకు ఎన్నికయ్యే సభ్యురాలిగా గెలిచారు. 2009లో, అప్పటికి ఎస్టీలకు కేటాయించిన డోర్నకల్‌లో, ఇరవై ఏళ్ల కిందట తనను ఓడించిన రెడ్యానాయక్‌నే ఓడించి శాసనసభకు వెళ్లారు. ఆ గెలుపును పెట్టె చూడలేదు. 2004 నుంచి శాసనసభ ఎన్నికలు పూర్తిగా ఓటింగ్ యంత్రానికి మారిపోవడంతో, అది గోదాములో దుమ్ము కొట్టుకుని ఉంది.

రాష్ట్ర విభజన వేళ, 2014లో, ఆమె తెలంగాణ రాష్ట్ర సమితి (తెరాస)లో చేరి డోర్నకల్‌లో మళ్లీ రెడ్యానాయక్ చేతిలో ఓడారు. ఎన్నికల తరువాత ఆ ప్రత్యర్థి కూడా తెరాసలోకే రావడంతో 2018లో టికెట్ ఆయనకే దక్కింది. స్థానిక రాజకీయాల్లో ఎదిగిన మహిళకు అసలు ఇబ్బంది ప్రజల దగ్గర కాక, బీ-ఫారం దగ్గర, అంటే పార్టీ తన అభ్యర్థిని అధికారికంగా గుర్తిస్తూ ఇచ్చే పత్రం దగ్గర ఎదురవుతుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. 2019 మార్చిలో ఆమె శాసనసభ్యుల కోటా నుంచి శాసనమండలికి ఎన్నికయ్యారు. ఆ కోటాలో శాసనసభ్యులే ఓటర్లు, ప్రాధాన్య క్రమంలో అంకెలు వేసిన కాగితమే ఓటు, కనుక ఆ దారిలో పెట్టెకు ఇప్పటికీ పని ఉంది. అదే ఏడాది సెప్టెంబర్ 8న, ఆ ఉదయమే గవర్నర్‌గా బాధ్యతలు చేపట్టిన తమిళిసై సౌందరరాజన్ ఆమె చేత మంత్రిగా ప్రమాణం చేయించారు. గిరిజన సంక్షేమం, మహిళా శిశు సంక్షేమం ఆమెకు దక్కిన శాఖలు. తెలంగాణ ఏర్పడి అయిదేళ్లు దాటిన ఆ రోజు వరకు రాష్ట్ర మంత్రివర్గంలో ఒక్క మహిళ కూడా లేరు. ఆమెతో పాటు అదే రోజు సబితా ఇంద్రారెడ్డి కూడా ప్రమాణం చేశారు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారేవరకు సత్యవతి రాథోడ్ ఆ పదవిలో ఉన్నారు.

ఈనాడు తెలంగాణ గ్రామాల్లో సర్పంచ్ పదవుల్లో సగం మహిళలకు కేటాయించినవే. పంచాయతీ ఎన్నికలు ఇంకా కాగితం మీదే జరుగుతున్నాయి గనుక ఆ సగాన్నీ పెట్టె మోస్తూనే ఉంది. చట్టసభల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు ఇచ్చే 106వ రాజ్యాంగ సవరణ 2023లోనే ఆమోదం పొందినా, జనగణననూ ఆ తరువాతి నియోజకవర్గాల పునర్విభజననూ దానికి షరతులుగా పెట్టారు. ఆ ఏడాది చివర్లో జరిగిన ఎన్నికల్లో 119 స్థానాలున్న తెలంగాణ శాసనసభకు గెలిచి వచ్చిన మహిళలు 10 మంది.