ఊదాపూల పండితుడు

విశాఖపట్టణమున ఉషఃకాలమందు తెల్లని బూట్లు తొడిగి, మెడకు తువ్వాలు చుట్టి, చేతికఱ్ఱను కొమ్మలవైపు ఎత్తి చూపుచు, వెంట నడచువారికి ఊపిరి సలుపనీయక వృక్షనామములు వల్లించు పెద్దమనిషి యెవరైన మీకెదురైనచో, ఆయన ఊదాపూల పండితుడని నిస్సంశయముగ గ్రహింపవచ్చును. ఈ తెగవారు మహారాణిపేటలో కలరు, సిరిపురమున కలరు. కూర్మన్నపాలెమున వీథికొకరు చొప్పున వర్ధిల్లుచున్నారు.

నేనెఱిగిన పండితుడు ఉక్కు కర్మాగారమున ఉద్యోగవిరమణ చేసి, కుమారుని చూడ ఆస్ట్రేలియాకేగి, అక్టోబరు మాసమున గ్రాఫ్టను పట్టణపు వీథులనిండ జకరండాలు విరియబూచియుండగా చూచివచ్చినది మొదలు, ఊదారంగు పూవు పూయు చెట్లన్నియు జకరండాలే యని సిద్ధాంతీకరించెను. దాని జన్మభూమి దక్షిణ అమెరికా యనునది ఆయనకు కంఠస్థము. కంఠస్థము కానిది ఆకు మాత్రమే. జకరండా పత్రము అసంఖ్యాక సూక్ష్మదళములుగ విభక్తమై, పుష్పము గొట్టముగ నుండును. వేసవిలో పూయు వరగోగుకన్ననో ఆకు అఖండము, పూరేకులు ఇస్త్రీ యెఱుగని ముడుతలు. ఈ భేదమును విన్నవించినచో పండితుడు కలవరపడడు: మన యెండకు రేకులు ముడుతలు పడినవనియు, మన నేల సారమునకు ఆకు వెడల్పయినదనియు సెలవిచ్చును. లాగర్‌స్ట్రోమియా యని స్నేహితుని పేరును ఆ వరగోగు ప్రజాతికి అంటగట్టిన వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయసుకు లేని దోషము మా పండితునికి మాత్రమేల?

కార్తికమాసమున ఒకనాడు, ఆకుకొన రెండుగ చీలి మేకడెక్కను తలపించు చెట్టుక్రింద నిలిచి ఆయన జకరండా మాహాత్మ్యమును ఉపన్యసించుచుండగా, అచ్చట బుట్టనిండ పూలు కోసికొనుచున్న ముసలమ్మ, “ఇది దేవకాంచనం బాబూ! శివుడికి పట్టుకెళ్తన్నాను,” అనెను. పండితుడు కరుణాపూరితముగ నవ్వి, “చూడమ్మా, నువ్వెప్పుడైనా ఆస్ట్రేలియా వెళ్ళావా?” అని యడిగెను. ఆమె వెళ్ళలేదు. వాదము ముగిసెను. పైగా అక్టోబరులోనే పూయుచున్నది గదా యని ఆయన మాతో గుసగుసలాడెను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరమందలి మహావృక్షములను వేళ్ళతో పెకలించిన పిదప, మొక్కలు నాటవలెనను ఉత్సాహము ఊరెల్ల వ్యాపించినపుడు, కాలనీ సంఘాధ్యక్షుడైన మా పండితుడు ఊదాపూల మొక్కలు ఆఱింటిని తెప్పించెను. నర్సరీవాడు తన యొద్దనున్నవి ఇచ్చెను. అవి పెరిగి పెద్దవై పూయగా నాలుగు వరగోగులు, ఒకటి తురకవేప, ఒకటి కానుగ. ఆ కానుగ రాత్రికి రాత్రి పేలాలు చల్లినట్లు దారినంతయు పూలతో నింపుచుండును. ఊడ్చు మనిషి దానిని కానుగ యనియే తిట్టును. పండితుడు మాత్రము ఆఱింటికిని జకరండా యని పలకలు వ్రాయించి కట్టించెను.

పెయింటరు లెక్కతప్పి ఏడవ పలక కూడ వ్రాసెను. డబ్బిచ్చినది గనుక పారవేయుటకు మనసొప్పక, ఆయన దానిని చంకనిడుకొని ప్రతి ప్రహరీ పైనుండియు తొంగిచూచుచున్నాడు. పెరటిలో వంగమొక్కలు పూతకు వచ్చిన పొరుగింటి యిల్లాలు నిన్ననే కంచె వేయించుకొన్నది.