ఆరిపోయి ఉన్న లైట్లకు ఐదు వేలు

మహారాజశ్రీ చలానాల అధికారి గారి దివ్యసముఖానికి,

మేమిక్కడ క్షేమం. తమరు కూడా క్షేమమేనని మొన్న పదకొండు గంటల ఎండలో, నల్ల కళ్ళద్దాల్లో చూసుకున్నాను. ఆ ఎండలోనే నా కారు బంపర్‌లోని రెండు ఫాగ్ లైట్లు తమరి కంటపడ్డాయి. వెలుగుతూ కాదండీ, ఆరిపోయి ఉన్నాయి. ఆరిపోయి ఉన్న లైట్లకు 5,000 రూపాయలు! లైట్లు, వైరు, రిలే, స్విచ్చి అన్నీ కలిపి నాకైంది 1,850.

తమరు సెలవిచ్చిన సెక్షన్ 182ఏ ఇంటికెళ్ళి చదివాను. 2019 సవరణలో కొత్తగా తిరగరాశారట. చట్టం అనుమతించని మార్పు యజమాని చేస్తే ఒక్కో మార్పుకి 5,000, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూనట. లైట్లు రెండైనా జతకు ఒకటే లెక్క కట్టారు, తమరిది పెద్ద మనసు. రిలే సంగతి ఆ వేళ నోరు విప్పలేదు, మన్నించాలి.

అయ్యా, ఒక్కసారి వంగి ఆ బంపర్ చూశారా? ఆ రెండు గుంటలూ నేను తవ్వినవి కావు, కంపెనీ వాడే పెట్టి పంపాడు. నాది బేస్ మోడల్ గనక వాటికి నల్ల ప్లాస్టిక్ మూతలు బిగించాడు. డబ్బు ఎక్కువ పోసిన వాడికి అదే గుంటలో లైటు. ఆ మూత షోరూంలో ఊడితే టాప్ మోడల్, మా వాకిట్లో ఊడితే నేరం!

ఎందుకు పెట్టావని అడగలేదు, నేనే చెబుతాను. మా ఆవిడ చింతపల్లి దాటాక ఒక ఆసుపత్రిలో నర్సు. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కాలి. నర్సీపట్నం నుంచి ఐదున్నరకు బయలుదేరతాం. దారిలో లంబసింగి మంచు ఫొటో తీసుకునే వాళ్ళకి ముచ్చటే. మాకు మాత్రం డిమ్ వేస్తే చాలదు, బ్రైట్ వేస్తే ఎదురుగా సున్నం కొట్టిన గోడ లేచి నిలబడుతుంది. వెలుగంతా ఆ నీటి తుంపరలకు తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది. గత డిసెంబరంతా మా ఆవిడ అద్దం దించి, తల బయటపెట్టి "ఎడమ, ఎడమ" అంటుంటే నేను స్టీరింగ్ తిప్పాను. ఇది ఏ సెక్షన్ కిందికొస్తుందో సెలవివ్వండి.

అందుకని ఓ ఆదివారం నేనూ మా బావమరిదీ కూర్చున్నాం. స్విచ్చి మీద లోడు పడకూడదని రిలే పెట్టాం. 55 వాట్లవి రెండు, తొమ్మిది ఆంపియర్లు దాటుతుంది, 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే వేశాం. బట్టల హ్యాంగర్ తీగకు వైరు కట్టి డ్యాష్‌బోర్డు కిందికి లాగేసరికి మధ్యాహ్నం భోజనం చల్లారిపోయింది. ఒక లైటు మిణుకుమిణుకుమంది. పెయింటు మీదే ఎర్త్ బిగించాడు మా బావమరిది మహానుభావుడు. గరుకు కాగితంతో రుద్దాక సరిపోయింది. పసుపు రంగు మంచును చీలుస్తుందన్నాడు కొట్టువాడు. రంగు సంగతి నేను నమ్మలేదు. కిందుగా, అడ్డంగా పరుచుకోవాలి వెలుగు. సాయంత్రం గోడ ముందు ఆపి, ఎదుటివాడి కంట్లో పడకుండా కిందికి దించి బిగించాను. ఎదుటివాడి కన్ను గురించి ఆలోచించినందుకే ఈ చలానా కాబోలు.

ఎందుకంటే, తమరు నాకు రసీదు చేతికిస్తున్నప్పుడే పక్కనుంచి ఒక పెద్ద బండి పోయింది. పైకప్పు మీద మూరెడు పొడుగు ఎల్‌ఈడీ బారు, బంపర్ మీద నాలుగు గుండ్రాలు. రాత్రి అది ఎదురొస్తే రోడ్డు కాదు, చేతిలో స్టీరింగే కనబడదు. ఆపారా? సలాం కొట్టారు! వెనక ఎర్ర దీపం లేకుండా నడిరోడ్డు మీద పోయే చెరకు ట్రాక్టరు ట్రక్కు తమరికి కనబడదు. మా దారిలోని ఘాట్‌లో అంచు తెల్లగీత ఎప్పుడో చెరిగిపోయింది, అదీ కనబడదు. మలుపు దగ్గర విరిగిన పిట్టగోడ కనబడదు. ఎండలో ఆరిపోయి ఉన్న నా లైట్లు మాత్రం కనబడ్డాయి!

కోప్పడ్డాను, మన్నించండి. చలానా కట్టేశాను. ఆ డబ్బు తిరిగి ఇవ్వమనను. గీత గీయించండి బాబూ, ఘాట్ పొడవునా అంచున ఒక్క తెల్ల గీత. లేదా ఎంత ఎత్తున, ఎంత వెలుగుతో పెట్టుకోవాలో చెప్పి, పరీక్షించి, ఆర్సీలో రాసివ్వండి. ఫీజు కడతాను. ఒక్క తెల్లవారుజామున మా వెనక సీట్లో కూర్చోండి, ఫ్లాస్కులో టీ మేమే తెస్తాం.

విప్పమన్నారు గనక నిన్న కుడివైపుది విప్పేశాను. ఎడమవైపుది స్క్రూ తల అరిగిపోయి రావడం లేదు. రేపు ఐదున్నరకు మళ్ళీ బయలుదేరాలి. ఒంటి లైటుకు చలానా 2,500 అవుతుందా, 5,000 అవుతుందా, ముందే చెబితే చిల్లర దగ్గర పెట్టుకుంటాను.

ఇట్లు,
తమ విధేయుడు,
బేస్ మోడల్ యజమాని